నెత్తిన చేతులు పెట్టుకున్న కెప్టెన్

విమానాల మరమ్మత్తు నేర్చుకుంటున్న పిల్లలు సెలవు రోజుల్లో సింగపూర్ బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌కు వస్తుంటారు. నా కబుర్ల కోసం వస్తారో, మా ఆవిడ వేసే పెసరట్ల కోసం వస్తారో నేను తరచి అడగను. తినడం అయ్యాక మాత్రం తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. "అంకుల్, మీరు పనిచేసిన వాటిలో అన్నిటికంటే పెద్ద విమానం ఏది?"

పెద్దవాటికేం, చాలా చూశాను. రెండంతస్తుల విమానాల పొట్టలో దూరి నడుం పట్టేసేదాకా పనిచేశాను. వాటిలో ఒక్కదాని ముఖం కూడా ఇప్పుడు గుర్తు లేదు. తలుచుకుంటే ఈనాటికీ నా ఛాతీ పొంగేది ఇద్దరు మాత్రమే కూర్చోగల ఒక ముసలి విమానం గురించి. ముందు సీటులో ఒకరు, వెనక సీటులో ఒకరు. ఒకప్పుడు సైన్యంలో కుర్రాళ్ళకు ఎగరడం నేర్పిన బండి అది. ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను సెలెటార్ విమానాశ్రయం దగ్గర ఒక చిన్న మరమ్మత్తు కంపెనీలో ఉండగా నా చేతికొచ్చింది. అది ఎగరడానికి తగినదేనని చెప్పి సంతకం చేయాల్సినవాణ్ణి నేనే.

దాని యజమానిని నేను కెప్టెన్ గారూ అనేవాణ్ణి. వాళ్ళ తాత ఏనాడో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడి సైన్యంలో చేరి, సరిగ్గా ఇలాంటి విమానంలోనే ఎగరడం నేర్చుకున్నాడు. తర్వాత ప్రయాణికుల విమానాలు నడిపి రిటైరయ్యాడు. ఆయన మాటలో కాస్త తెలుగు, కాస్త తమిళం, కాస్త మలయ్, మిగిలిందంతా ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే "లా". భార్య విజయనగరం ఆడపడుచు. ఆవిణ్ణి నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, ఎయిర్‌లైన్‌లో పైలట్.

రిటైరైనవాళ్ళు గోల్ఫ్ ఆడతారు, మొక్కలు పెంచుతారు. ఈయన పొరుగు దేశంలో ఎవరిదో షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న విమానాన్ని కొన్నాడు. లారీ మీద వచ్చిన ఆ సామాను చూసి నేను ఉండబట్టలేక, "కెప్టెన్ గారూ, ఇది విమానమా, విమానం తాలూకు అస్థికలా?" అన్నాను.

ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "స్లో స్లో లా తమ్ముడూ. ముందు మకాన్, అప్పుడు పని" అన్నాడు. మకాన్ అంటే ఇక్కడ తిండి. బండ్ల వాళ్ళంతా ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు తీసుకుపోయి, మన పరోటా లాంటి ప్రాటా పెట్టించాడు. ఉప్పు తిన్నాక ఇంకేం మాట్లాడతాం?

ఆ తర్వాత వాళ్ళ సెలవు రోజులన్నీ మా హ్యాంగర్‌లోనే గడిచాయి. అమ్మాయి రాత్రంతా జెట్ విమానం నడిపి వచ్చి, పొద్దున్నే పాత రేకుల తుప్పు గీకేది. అక్క మొదట్లో క్యారియర్ తెచ్చి పక్కన కూర్చునేది. ఒకరోజు తోక దగ్గరికి వచ్చి నిలబడింది. తోక మీద అటూ ఇటూ తిరిగే చుక్కానికి ఈ రకం విమానాల్లో రేకు ఉండదు, గుడ్డ ఉంటుంది. ఆ గుడ్డను లోపలి బద్దలకు దారంతో కుట్టాలి, కుట్టు కుట్టుకూ ముడి వేయాలి.

"ఇదేటి తమ్ముడూ, ఇంతేనా? నాను కుట్టీనా?" అంది.

కుట్టింది. నేను చూసి, ముడులు వదులుగా ఉన్నాయని మొత్తం విప్పించేశాను. అక్క నాతో మాట్లాడడం మానేసింది. అయినా ఆ వారమంతా నా వంతు అన్నం కూతురి చేత పంపింది, అందులో ఉప్పు మాత్రం ఎక్కువ పడేది. రెండోసారి ఆవిడ కుట్టినప్పుడు ఒక్కో ముడినీ గోరుతో లాగి చూశాను. ఒక్కటీ కదల్లేదు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళందరినీ పిలిచి, "కుట్టంటే ఇదిరా" అని చూపించాను. అక్క ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది, మర్నాటి నుంచి ఉప్పు తగ్గింది.

కెప్టెన్ ప్రాణం మాత్రం ఒక గడియారంలో ఉండేది. టైము చూపే గడియారం కాదు. విమానం పైకి ఎక్కుతోందా, కిందికి దిగుతోందా, ఎంత జోరుగా అన్నది ముల్లుతో చూపే పరికరం. ఆయన కుర్రతనంలో ఎగరడం నేర్చుకున్న అసలు విమానం ఎప్పుడో ముక్కలైపోయింది. దాంట్లోంచి మిగిలింది ఆ ఒక్క గడియారమే. నేర్పిన గురువు తాను పోయేముందు పిలిచి ఇచ్చాడట. దాన్ని తెచ్చి మా విమానం వెనక సీటు ముందు బిగించమన్నాడు. శిక్షణ విమానంలో గురువు కూర్చునేది వెనకే. అద్దం పాతబడింది, కొత్తది వేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. తన రుమాలుతో తప్ప ఇంకో గుడ్డతో దాన్ని తుడవనిచ్చేవాడు కాదు.

ఆ గురువు అలవాటొకటి కూడా కెప్టెన్ చెప్పేవాడు. ముందు సీటులో ఉన్న శిష్యుడికి వెనక ఏం జరుగుతోందో కనిపించడానికి చిన్న అద్దం ఉంటుంది. విమానం నడిపే కర్ర రెండు సీట్లలోనూ ఉంటుంది కాబట్టి, శిష్యుడికి ఎప్పుడూ ఒక అనుమానం. నడుపుతున్నది నేనా, వెనకనుంచి ఆయనా? శిష్యుడి మీద గురి కుదిరిన రోజున ఆ గురువు ఏమీ మాట్లాడకుండా తన రెండు చేతులూ ఎత్తి నెత్తిన పెట్టుకునేవాడట, అద్దంలో కనబడేలా. "అది చూడగానే నాకు ఏడుపు వచ్చింది లా" అనేవాడు కెప్టెన్.

విమానం ఎగిరింది. మొదట్లో కెప్టెనే నడిపాడు. కొన్నేళ్ళు బాగానే సాగింది. తర్వాత గుండె పరీక్షలో డాక్టర్లు ఆయనకు ఇక నడిపే అనుమతి లేదన్నారు, కూర్చుని వెళ్ళొచ్చు కానీ నడపకూడదని. సరిగ్గా అప్పుడే ఒక మ్యూజియం వాళ్ళు వచ్చి, విమానాన్ని ఇస్తే మంచి హాల్లో, చల్లని గదిలో, తాళ్ళు కట్టి అందంగా వేలాడదీస్తామన్నారు. కెప్టెన్ అటు మొగ్గాడు.

అమ్మాయికి ఒళ్ళు మండింది. "నేను లేనా నాన్నా? ఐ కెన్ ఫ్లై హర్, వాట్!"

"నీవి కంప్యూటర్ విమానాలమ్మా" అన్నాడాయన. "అక్కడ తప్పు జరిగితే గంట కొడుతుంది, లైటు వెలుగుతుంది. దీంట్లో గంటా లేదు, లైటూ లేదు. చెవితో వినాలి, కూర్చున్న సీటుతో తెలుసుకోవాలి. నీకు వస్తదా రాదా నాకు తెలీదు."

చివరికి తండ్రీ కూతుళ్ళు నా ముందే ఒప్పందం చేసుకున్నారు. రాబోయే దసరా రోజున ముందు సీటులో ఆమె, వెనక ఆయన. దిగేలోపు ఆయన ఒక్కసారి కర్ర ముట్టుకోవాల్సి వచ్చినా విమానం మ్యూజియానికి వెళ్ళిపోతుంది. ముట్టుకోకపోతే అది ఆమెది. నన్ను సాక్షిగా ఉండమన్నారు. మ్యూజియం అంటేనే నాకు కంపరం. అంత చాకిరీ చేసింది తాళ్ళకు వేలాడదీయడానికా? పైకి మాత్రం న్యాయమూర్తిలా తల ఊపాను.

దసరా అనేసరికి అక్క పూజ అంది. ఏటా ఆయుధ పూజకు హ్యాంగర్‌లో నాకూ ఆవిడకూ ఒక బేరం ఉండేది. కర్పూరం వెలిగిస్తానంటే, పెట్రోలు పక్కన హారతేమిటి తల్లీ అని నేను. కొబ్బరికాయ కొడతానంటే, పెంకు ముక్క ఎగిరి ప్రొపెల్లర్‌కు తగిలితే ఎవరు జవాబు చెబుతారని నేను. అక్షింతలంటే, గింజ వెళ్ళి ఎక్కడ ఇరుక్కుంటుందోనని నేను. "ఇంకేటి మిగిలింది నాయినా, నీ మొకానికి దండం పెట్టుకోమంటావా?" అని విసుక్కునేది. చివరికి పసుపూ కుంకుమా ఖాయమయ్యాయి. ముక్కు మీద ఒక బొట్టు పెట్టేది, అంతే. అదీగాక అంతకుముందెప్పుడూ పూజ రోజున విమానం ఎగరలేదు. తర్వాత ఎగిరే ముందు మేమెలాగూ కడిగి తుడిచేవాళ్ళం.

ఆ దసరా ఉదయం నేను విమానమంతా తనిఖీ చేశాను. అమ్మాయి కూడా తన వంతుగా చుట్టూ తిరిగి చూసుకుంది. అంతా బాగుంది. అప్పుడు అక్క పళ్ళెం పట్టుకుని వచ్చింది. "మీ పనయింది కదా, ఇప్పుడు నా పని" అంటూ మమ్మల్ని బయటికి పంపేసింది. మేము కాఫీ తాగి వచ్చేసరికి పూజ అయిపోయింది. తండ్రీ కూతుళ్ళు ఎక్కారు. ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది. రన్‌వే మీద పరుగెత్తి, బరువంతా వదిలేసుకుని లేచింది. అక్క రెండు చేతులూ జోడించి నిలబడింది. నేను హ్యాంగర్‌లో ఉన్న చిన్న రేడియో పక్కన కూర్చున్నాను.

కాసేపటికి అమ్మాయి గొంతు వినిపించింది. "అంకుల్, ఆల్టిమీటర్ కదలట్లేదు. ఇంకా నేల మీదున్నట్టే చూపిస్తోంది. ఎక్కే దిగే ముల్లు కూడా డెడ్. స్పీడ్ పడిపోతోంది, బట్ అది అబద్ధం. ఇంజిన్ సౌండ్ బాగుంది, ముక్కు సరిగ్గానే ఉంది. ఐ యామ్ నాట్ బిలీవింగ్ ది స్పీడ్."

ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి. ఎత్తు, వేగం, ఎక్కుడు దిగుడు, ఈ మూడింటినీ చూపే గడియారాలకు బయటి గాలి సంగతి తెలిసేది ఒకే దారిన. విమానం రెండు పక్కలా రేకులో చీపురుపుల్ల పట్టేంత సన్న రంధ్రాలు ఉంటాయి. అవి మూసుకుపోతే మూడూ ఒకేసారి పిచ్చివవుతాయి. పైకి వెళ్ళేకొద్దీ వేగం తక్కువ చూపిస్తుంది. అది నమ్మి వేగం పెంచుదామని ముక్కు కిందికి తోసిన పైలట్ కిందికే పోతాడు. అమ్మాయి నమ్మలేదు. అయినా ఎత్తు తెలియకుండా ఎంతసేపు తిరుగుతుంది? సింగపూర్ ఆకాశం ఇరుకు. ఆమెకు ఇచ్చిన ఎత్తు దాటితే పైన చాంగీ విమానాశ్రయానికి పోయే పెద్ద విమానాల దారి. పైపెచ్చు ఉత్తరాన జొహోర్ వైపు నుంచి వాన తెల్లటి పరదాలా కదిలి వస్తోంది. అది మీద పడితే ముక్కు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి దిగంతం కూడా మిగలదు.

రెండు పక్కల రంధ్రాలూ ఒకేసారి ఎలా మూసుకుపోతాయి? పొద్దున నేనే చూశానే! అనుకుంటూ తల తిప్పాను. అక్క పక్కనే నిలబడి ఉంది. వేళ్ళు పచ్చగా ఉన్నాయి.

"అక్కా, బొట్లు ఎక్కడెక్కడ పెట్టావు?"

"ముక్కు మీద పెట్టాను. చక్రాలకి పెట్టాను. పిల్ల నడుపుతాది కదాని ఈసారి రెండు పక్కలా కూడా పెట్టీసాను. అక్కడ గుండ్రంగా ఎర్ర గీత ఉన్నాది కదా, బొట్టుకోసమే గీసినట్టు..." నా ముఖం చూసి ఆగిపోయింది. "ఏటయింది తమ్ముడూ?"

ఆ ఎర్ర గీత రంధ్రాల చుట్టూ ఏదీ అంటించకండని చెప్పడానికి గీసింది. పసుపు తడిపి చిక్కగా అద్దిన ముద్ద ఎండకు గట్టిపడి బిరడాలా కూర్చుంది. నేను రేడియో అందుకున్నాను.

"అమ్మా, రెండు పక్కల గాలి రంధ్రాలూ మూసుకుపోయాయి. భయం లేదు. ఎక్కే దిగే గడియారం అద్దం పగలగొట్టండి. సీటు దగ్గరి గాలి లోపలికి పోయి మూడూ మళ్ళీ పనిచేస్తాయి. కాస్త అటూ ఇటూ చూపిస్తాయి, పరవాలేదు."

మధ్యలో గరగరమనే శబ్దం. తర్వాత ఆమె గొంతు. "అంకుల్, నా చేతులు రెండూ బిజీ. ఇక్కడ గాలి ఊపేస్తోంది." కాస్త ఆగి, "నాన్న ముందున్నదే పగలాలి."

అక్క నా భుజం పట్టుకుంది. ఆ గడియారం ఏమిటో ఆవిడకు నాకంటే ఎక్కువ తెలుసు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కెప్టెన్ వెనక సీటులో కర్ర అందుకోవచ్చు. తానే నడుపుతానంటే కూతురు కాదనదు. అద్దం దక్కుతుంది, అనుభవం ఉన్న చెయ్యి విమానాన్ని దింపేస్తుంది. ఒప్పందం ప్రకారం అది మ్యూజియానికి వెళ్ళిపోతుంది. ఆయన చేతికి రెండు దారులూ అందుబాటులోనే ఉన్నాయి. నేను రేడియో సౌండు పెంచాను.

తర్వాత అమ్మాయి మాట, ఊపిరి వదులుతున్నట్టు. "ఆల్టిమీటర్ ఈజ్ అలైవ్, అంకుల్. స్పీడ్ కూడా వచ్చింది. రిటర్నింగ్."

వాన రన్‌వే అవతలి కొస మీద పడుతుండగా విమానం కనిపించింది. గాలి ఒక రెక్కను ఎత్తుతోంది, ఆమె దించుతోంది. మళ్ళీ ఎత్తుతోంది, మళ్ళీ దించుతోంది. తొందర లేదు, తడబాటు లేదు. మా ముందునుంచి నేలకు దగ్గరగా వస్తుండగా అక్క ఒక్కసారి కెవ్వుమంది.

"ఓలమ్మో! తమ్ముడూ, చూడు, ఆయన నెత్తిన చేతులు పెట్టీసుకున్నారు! అంతా అయిపోయింది కావాల!"

చూశాను. అద్దాల కింద, వెనక సీటులో, కెప్టెన్ రెండు చేతులూ ఎత్తి నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. మన వైపు ఎవరైనా అలా కూర్చుంటే కొంప మునిగిందనే అర్థం. నాకు మాత్రం ఆ గురువు అలవాటు గుర్తొచ్చింది. "అక్కా, ఏమీ అయిపోలేదు" అన్నాను. "నీ కూతురు దింపుతోంది. ఆయన ముట్టుకోవడం లేదని చూపిస్తున్నాడు."

చక్రాలు నేలను తాకాయి. చిన్న కుదుపు కూడా లేదు. ఎన్నో వేల విమానాలు దిగడం చూసిన కళ్ళు నావి. అంత అందంగా దిగింది ఇంకొకటి నాకు గుర్తు లేదు.

ఇంజిన్ ఆగింది. కెప్టెన్ దిగాడు. కుడి చేతి గుప్పిట్లో రుమాలు, దాని మీద కాస్త రక్తం. జేబులో ఉండే చిన్న టార్చిలైటు వెనక కొసతో కొట్టాడట. మొదటి దెబ్బకు పగల్లేదట. "ఫస్ట్ టైమ్ మెల్లగా కొట్టాను లా" అన్నాడు సిగ్గుపడుతూ. "మనసు రాలేదు. రెండోసారి గట్టిగా కొట్టాను." గురువు ఇచ్చిన గడియారం పగిలిపోయి, ముల్లు ఒక్కటే నిలబడి ఉంది.

అమ్మాయి హెల్మెట్ తీసి, "నాన్నా, అద్దంలో చూశాను" అని మాత్రం అంది.

అక్క మాత్రం పళ్ళెం నేలమీద పెట్టేసి కూలబడింది. "నా చేతులారా నా పిల్లని..." అంది. నేను కుట్టు విప్పించినప్పుడు కోపం చేసుకున్న మనిషి, ఆరోజు ఎవరూ ఏమీ అనకుండానే కుంగిపోయింది. కెప్టెన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "నువ్వు బొట్టు పెట్టబట్టే కదా నా కూతురు పైలటని నాకు తెలిసింది" అన్నాడు. ఓదార్పు కోసం అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. అక్క మాత్రం ముక్కు చీదుకుని, ముందు ఆయన చేతికి కట్టు కట్టింది.

మ్యూజియం వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు కెప్టెన్ వాళ్ళకు మంచి టీ ఇప్పించి, పగిలిన గడియారం చేతిలో పెట్టాడు. కావాలంటే దీన్ని వేలాడదీసుకోండి, విమానానికి తీరిక లేదన్నాడు. నేను ఆ మాటను ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు.

కథ ఇక్కడికొచ్చాక మా ఇంటికొచ్చే కుర్రాళ్ళతో అంటుంటాను: పిల్లలూ, ఆరోజు తర్వాత మా హ్యాంగర్‌లో ఒక పద్ధతి మారింది. ముందు పూజ, తర్వాత తనిఖీ. చివరి తనిఖీ అయ్యాక ఇక విమానాన్ని ఏ చెయ్యీ ముట్టుకోకూడదు, దీవించే చెయ్యి కూడా. మీరు ఏ కంపెనీలో చేరినా, పుస్తకాల్లో ఎంత పెద్ద నియమాలు చదివినా, ఇదొక్కటి నా మాటగా గుర్తు పెట్టుకోండి. చెడగొట్టాలని వచ్చే చేతిని మనం ఎలాగూ ఆపుతాం. ప్రేమతో వచ్చే చేతిని ఆపడమే కష్టం.

నేను రిటైరైన రోజు కూడా దసరా పండుగ దినాల్లోనే పడింది. అక్క పూజ ముగించి, ఆ రంధ్రాల జోలికి పోకుండా ముక్కు మీద ఒక్క బొట్టు పెట్టింది. తర్వాత నా వెనకే నడుస్తూ నేను చివరిసారి చేస్తున్న తనిఖీని నాకంటే శ్రద్ధగా చూసింది. రంధ్రాలు శుభ్రంగా ఉన్నాయా అని నా చేత మూడుసార్లు చెప్పించుకుంది. అంతా అయ్యాక పళ్ళెంలోంచి కాస్త కుంకుమ తీసి, నా నుదుటికేసి చూసి, "నీకు ఇక్కడ రంధ్రాలేవీ లేవు కదా తమ్ముడూ?" అంది. నేను తల వంచాను.

విమానం లేచింది. ముందు సీటులో అమ్మాయి, వెనక కెప్టెన్. రన్‌వే చివర ఒక చుట్టు తిరిగి మా మీదుగా కిందికి వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ నెత్తిన ఉన్నాయి. నేనూ నవ్వుతూ నా చేతులు నెత్తిన పెట్టుకుని పక్కకు చూశాను. అక్క అప్పటికే పెట్టుకుని ఉంది, పసుపు వేళ్ళతో.